జీవం ఎలా మొదలయింది? ఇతర లోకాలలో ఉన్నదా?

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక.

ఈ శుక్రవారం మనం మాట్లాడుకోబోయే విషయం మస్జిదుకు కొత్తదిగా కొందరికి తోచవచ్చు. ప్రాణం లేని పదార్థం నుండి ప్రాణం ఎలా వచ్చింది? ఈ భూమి మీద తప్ప మరెక్కడైనా ప్రాణులు ఉన్నాయా? ఈ రెండు ప్రశ్నలూ మన ఇళ్లలో అడుగుపెట్టి చాలా కాలమయింది. జీవశాస్త్రం చదువుకునే మన పిల్లలు వాటిని తరగతిలో వింటారు, రాత్రి ఫోనులో చూస్తారు, ఎప్పుడో ఒకప్పుడు మనల్ని అడుగుతారు.

అడిగినప్పుడు పెద్దలం సాధారణంగా రెండు జవాబులలో ఒకటి చెబుతున్నాం. ఒకటి: అలాంటివి అడగరాదు, ఈమాన్‌కు చేటు. రెండవది: అదంతా ఖుర్ఆన్‌లో ఎప్పుడో ఉంది, వాళ్లు ఇప్పుడు కనుక్కుంటున్నారు. మొదటి జవాబు పిల్లవాడి నోరు మూయిస్తుంది. నోరు మూసుకున్నవాడు కొన్నాళ్లకు మస్జిదుకు రావడమూ మానుకోవచ్చు. రెండవది వినడానికి సంతోషంగా ఉంటుంది గానీ, మా అభిప్రాయంలో అంతకన్నా ప్రమాదకరం. ఎందుకంటే అది అల్లాహ్ వాక్కును ఆ వారం పత్రికలో వచ్చిన వార్తకు ముడివేస్తుంది. ఆ వార్త మరుసటి సంవత్సరం తప్పని తేలితే, తప్పింది వార్త కాదు, ఆయత్ అని పిల్లవాడు అనుకుంటాడు. ఆ నష్టానికి బాధ్యులం మనమే.

నిజానికి ప్రశ్న అడగమన్నది ఖుర్ఆనే. భూమి మీద సంచరించి, సృష్టిని ఆయన ఎలా ఆరంభించాడో చూడమని సూరా అన్కబూత్ 20వ ఆయత్‌లో ఆదేశం ఉన్నది. ఆరంభం గురించి కేవలం విని ఊరుకోమని అక్కడ లేదు. తిరిగి, చూడమని ఉన్నది.

చూడటానికి మనం దూరం పోనవసరం లేదు. సింహాచలం కొండను మనం రోజూ చూస్తాం. దారి కోసం తొలిచిన చోట ఎర్రగా, గోధుమ రంగుగా, పొరలు పొరలుగా కనబడే రాయికి భూగర్భ శాస్త్రజ్ఞులు ఖోండలైట్ అని పేరు పెట్టారు. తూర్పు కనుమలలోని ఖోండు గిరిజనుల పేరు మీదుగా వచ్చిన పేరది. ఆ రాయి మొదట రాయి కాదు; నీటి అడుగున పేరుకున్న బంకమట్టి, ఇసుక. అది భూమి లోతులకు దిగి, సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం విపరీతమైన వేడికి, ఒత్తిడికి లోనై, కుమ్మరి ఆవంలో కుండ కాలినట్లు కాలి గట్టిపడింది. దానిలో అక్కడక్కడ నల్లని గ్రాఫైట్ రేకులు మెరుస్తాయి. పెన్సిలు ములుకులో ఉండేది ఆ పదార్థమే, అంటే కర్బనం. బురదతో పాటు పూడిపోయిన సూక్ష్మజీవుల శరీరాల నుండి ఇటువంటి గ్రాఫైట్ చాలాచోట్ల ఏర్పడిందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. గ్రీన్‌లాండ్‌లో 370 కోట్ల సంవత్సరాలకు పైబడిన రాళ్లలో దొరికిన గ్రాఫైట్‌ను కూడా 1999లో ఒక పరిశోధకుడు జీవపు ఆనవాలుగానే చదివాడు. దానిపై వాదం ఇంకా ముగియలేదు. ఆస్ట్రేలియాలో సుమారు 350 కోట్ల సంవత్సరాల నాటి రాళ్లలో సూక్ష్మజీవుల పొరలు కనిపించాయన్న విషయంలో మాత్రం ఎక్కువమందికి సమ్మతి ఉన్నది. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. అంటే నేల చల్లారి, నీరు నిలిచిన తర్వాత జీవం రావడానికి భూమి చరిత్రలో మరీ ఎక్కువ కాలం పట్టలేదు.

ఆ కొండ పక్కగానే మరొక సాక్ష్యం రైలెక్కి వస్తుంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కిరండూల్ నుండి కొత్తవలస మీదుగా మన రేవుకూ, ఉక్కు కర్మాగారానికీ చేరుతుంది. ఆ ఖనిజం పుట్టిన కథ వింటే ఆశ్చర్యం కలుగుతుంది. అతి ప్రాచీన సముద్రాలలో ఇనుము నీటిలో కరిగి ఉండేది. సూర్యకాంతిని ఆహారంగా మార్చుకునే కంటికి కనబడని జీవులు ప్రాణవాయువును విడుదల చేయగా, ఇనుము దానితో కలిసి తుప్పుగా మారి సముద్రపు అడుగున పొరలుగా దిగింది. ప్రపంచంలోని గొప్ప ఇనుప గనులలో చాలావాటికి శాస్త్రజ్ఞులు చెప్పే ప్రధాన కారణం ఇదే. కొలిమిలో కరిగే ఇనుము, మన రక్తానికి ఎరుపునిచ్చే ఇనుము ఒకే మూలకం.

మన శరీరపు బరువులో నూటికి 96 వంతులు ఆక్సిజన్, కర్బనం, హైడ్రోజన్, నత్రజని అనే నాలుగు మూలకాలదే. మట్టిలో, నీటిలో, గాలిలో లేని మూలకం ఒక్కటి కూడా మనలో లేదు. ప్రతి జీవినీ నీటి నుండి చేశామని సూరా అంబియా 30వ ఆయత్, మనిషి సృష్టి మట్టి సారం నుండి మొదలయిందని సూరా మూమినూన్ 12వ ఆయత్ తెలుపుతున్నాయి. వీటిని రసాయన సూత్రాలుగా చదవకూడదు. మనిషి గర్వాన్ని అణచడానికి, పునరుత్థానాన్ని గుర్తుచేయడానికి అవతరించిన ఆయతులవి. అయినా ఒక విషయం స్పష్టం: మనం మట్టితో, నీటితో బంధుత్వం ఉన్నవాళ్లమని ఎవరైనా చెబితే, విశ్వాసి ఉలిక్కిపడవలసినది ఏమీ లేదు.

ఇక ఆ మట్టి, ఆ నీరు ప్రాణిగా ఎలా మారాయన్నది. 1920లలో రష్యాలో ఒపారిన్, ఇంగ్లండులో హాల్డేన్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఒకే రకమైన ఊహ చేశారు. ప్రాణవాయువు లేని ప్రాచీన భూమి మీద మెరుపులు, ఎండ వేడిమి కలిసి సముద్రాన్ని కర్బన పదార్థాల పులుసుగా మార్చి ఉంటాయని, ఆ పులుసులో తొలి జీవం రూపుదిద్దుకున్నదని వారి ఆలోచన. ఈ హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి, ఈ దేశ పౌరుడై, 1964లో మన పొరుగునున్న భువనేశ్వర్‌లోనే కన్నుమూశాడు.

1953లో షికాగో విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్లర్ అనే 23 ఏళ్ల పరిశోధక విద్యార్థి, తన గురువు హెరాల్డ్ యూరీ పర్యవేక్షణలో ఆ ఊహను గాజు పాత్రలలో పరీక్షించాడు. మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ వాయువులను నీటి ఆవిరితో కలిపి, వాటి గుండా మెరుపుకు బదులుగా విద్యుత్ రవ్వలను పంపాడు. వారం రోజులలో నీరు ఎర్రబారింది. దానిలో ప్రోటీన్లకు ఇటుకల వంటివైన అమైనో ఆమ్లాలు కనిపించాయి. ఆనాటి భూమి గాలి అటువంటిది కాదని, అందులో బొగ్గుపులుసు వాయువు, నత్రజని ఎక్కువని తరువాతి శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. అభ్యంతరం సరైనదే. కానీ ఇటుకలు సులువుగా తయారవుతాయన్న మాట మాత్రం నిలిచింది. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ వద్ద పడిన ఉల్కలో డెబ్బైకి పైగా అమైనో ఆమ్లాలు దొరికాయి. బెన్నూ అనే గ్రహశకలం నుండి అమెరికా వ్యోమనౌక తీసిన మట్టి 2023 సెప్టెంబరులో భూమికి చేరింది. ఆ 121 గ్రాములలో కొంత భాగాన్ని పరీక్షిస్తే, మన శరీరాలు వాడుకునే 20 అమైనో ఆమ్లాలలో 14, వారసత్వ సమాచారాన్ని మోసే అణువులలోని 5 క్షారాలూ కనిపించినట్లు 2025 జనవరిలో ప్రకటించారు. అక్కడ జీవం ఏదీ లేదు. జీవానికి కావలసిన సరుకు మాత్రం ఉన్నది.

సరుకు ఉండటం వేరు, ఇల్లు నిలవడం వేరు. ఇనుప ఖనిజం, కోక్, సున్నపురాయి పక్కపక్కన గుట్టలు పోసి ఎన్నేళ్లు వదిలినా రైలు పట్టా తయారుకాదని మన ఉక్కు నగరంలో ఎవరికీ చెప్పనవసరం లేదు. మన ఉపన్యాసకులు కొందరు ఈ ఉపమానంతోనే వాదాన్ని ముగించేస్తారు. అక్కడ ఆగడం న్యాయం కాదు. జీవపు అణువులు ఇనుప ఖనిజం వలె కదలక పడి ఉండేవి కావు. కొవ్వు అణువులను నీటిలో వేయండి. ఎవరూ చేయి పెట్టకుండానే అవి తలలు నీటివైపు, తోకలు లోపలికి పెట్టుకుని, చిన్న చిన్న బుడగలై నిలుస్తాయి. జీవకణపు పొర కూడా ఆ అమరికలోనే ఉంటుంది. అణువులకు తమ తమ స్వభావాలు ఉన్నాయి. ఒకదాన్ని ఒకటి పట్టుకోవడం, తోసివేయడం, జతకట్టడం వాటికి తెలుసు.

ఆ స్వభావం ఎక్కడిది? ఫిర్ఔన్ మూసా (అలైహిస్సలాం)ను మీ ప్రభువు ఎవరని అడిగినప్పుడు ఆయన ఇచ్చిన జవాబును సూరా తాహా 50వ ఆయత్‌లో చూడండి. ప్రతి వస్తువుకూ దాని ఆకృతిని ఇచ్చి, ఆపై దానికి దారి చూపినవాడే మా ప్రభువు అన్నది దాని భావం. దారి చూపడం మనుషులకే అని అక్కడ లేదు. ప్రతి వస్తువుకూ అని ఉన్నది. కర్బనానికి నాలుగు చేతులిచ్చి బంధాలు కట్టుకోనిచ్చినవాడు, నీటికి కరిగించే గుణమిచ్చినవాడు ఆయనే అని విశ్వసించే మనకు, అణువుల ప్రవర్తనను వివరించే శాస్త్రం శత్రువు ఎలా అవుతుంది?

శాస్త్రం ఇంకా దాటని వాగులు ఉన్నాయి. మన కణాలలో డీఎన్‌ఏ లేనిదే ప్రోటీను తయారుకాదు, ప్రోటీను లేనిదే డీఎన్‌ఏ నకలు కాదు. మరి ముందు ఏది? సమాచారాన్ని దాచడం, పని చేయడం రెండూ ఒంటరిగా చేయగల ఆర్‌ఎన్‌ఏ ముందు వచ్చి ఉంటుందని చాలామంది అంటున్నారు. ఆర్‌ఎన్‌ఏ అటువంటి పని చేయగలదని చూపిన ఇద్దరికి 1989లో నోబెల్ బహుమతి లభించింది. 2009లో ఇంగ్లండులో ఒక బృందం ఆర్‌ఎన్‌ఏ ఇటుకలను సాధారణ రసాయనాల నుండి కట్టి చూపింది. మరొక చిక్కు: అమైనో ఆమ్లాలు మన రెండు చేతుల వలె ఎడమ, కుడి రూపాలలో ఉంటాయి. ప్రయోగశాలలో రెండూ సమానంగా తయారవుతాయి. జీవులు ప్రోటీన్లకు దాదాపు ఎడమవాటినే వాడుకుంటాయి. ఎందుకో తేలలేదు. ప్రాణం లేని రసాయనాలతో మొదలుపెట్టి, తనకు తానే నకలు తీసుకుంటూ బ్రతికే కణాన్ని ఇంతవరకు ఏ ప్రయోగశాలా తయారు చేయలేదు.

ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. శాస్త్రానికి తెలియని ఆ చోటే అల్లాహ్ ఉన్నాడని చెప్పడం మొదలుపెడితే, రేపు ఆ చోటు తెలిసిపోయినప్పుడు ఏమంటాం? అల్లాహ్ మనకు తెలియనివాటికి మాత్రమే ప్రభువు కాడు, తెలిసినవాటికి కూడా ఆయనే ప్రభువు. గర్భంలో శిశువు దశలవారీగా రూపుదిద్దుకోవడాన్ని సూరా మూమినూన్ అల్లాహ్ సృష్టికార్యంగా వర్ణిస్తున్నది. ఆ దశలన్నింటినీ నేడు మన కింగ్ జార్జ్ ఆసుపత్రిలో వైద్యులు తెర మీద చూపిస్తున్నారు. బిడ్డ ఎలా పెరుగుతున్నదో డాక్టరుకు తెలిసింది కాబట్టి ఆ బిడ్డను అల్లాహ్ ఇవ్వలేదని ఏ తల్లీ అనదు. వాన ఎలా కురుస్తుందో పాఠశాలలో నేర్చుకుంటాం. వాన కురవనప్పుడు ఇస్తిస్ఖా నమాజుకు నిలబడతాం. ఒక్క బిడ్డ విషయంలో ఇబ్బంది లేనప్పుడు, తొలి జీవకణం విషయంలో ఎందుకు ఉండాలి?

మన పూర్వీకులకు ఈ భయం లేదు. 12వ శతాబ్దంలో అందలూసియాలో జీవించిన వైద్యుడు, తత్త్వవేత్త ఇబ్ను తుఫైల్, హయ్య్ ఇబ్న్ యక్జాన్ అనే కథ వ్రాశాడు. నిర్జన ద్వీపంలో ఒంటరిగా పెరిగిన ఒక మనిషి కేవలం చూసి, ఆలోచించి సృష్టికర్తను గుర్తించడం ఆ కథ. ఆ బిడ్డ ద్వీపానికి ఎలా చేరాడన్నదానికి రచయిత రెండు వృత్తాంతాలు ఇచ్చాడు. ఒకదానిలో తల్లి పెట్టెలో ఉంచి సముద్రంలో వదిలింది. రెండవదానిలో, హిందూ దేశపు ద్వీపాలలో ఒకదానిలో సమశీతోష్ణమైన వాతావరణంలో పులిసిన బంకమట్టి నుండి తల్లీతండ్రీ లేకుండానే పుట్టాడు. ఆ మట్టి తగిన స్థితికి వచ్చాకనే దానికి ఆత్మ అల్లాహ్ ఆజ్ఞతో చేరింది. అది శాస్త్రం కాదు, కథే. కానీ ఎనిమిది వందల ఏళ్ల క్రితం ఒక ముస్లిం పండితుడు ఆ ఊహను అల్లాహ్ శక్తికి వ్యతిరేకంగా కాక, దానికి ఉదాహరణగానే వ్రాయగలిగాడు.

రెండవ ప్రశ్నకు వద్దాం. భూమికి వెలుపల జీవం ఉన్నదా? ఈ వెదుకులాటలో మన తెలుగు నేలకు సొంత అధ్యాయం ఒకటి ఉన్నది. జీవపు విత్తనాలు అంతరిక్షం నుండే భూమి మీదికి రాలుతున్నాయని ఫ్రెడ్ హోయల్, శ్రీలంకలో పుట్టిన చంద్ర విక్రమసింఘె వాదించేవారు. దానిని పరీక్షించాలని జయంత్ నార్లీకర్ వంటి శాస్త్రజ్ఞులు, ఇస్రో కలిసి హైదరాబాదు బెలూన్ కేంద్రం నుండి 2001లో ఒకసారి, 2005 ఏప్రిల్‌లో మరొకసారి భారీ బెలూన్లను పంపారు. రెండవ బెలూన్ పరిమాణం 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగులు. 459 కిలోల పరికరాలను మోసుకుని పైకి లేచింది. వాటిలో గాలి తీసివేసి, క్రిములు లేకుండా శుద్ధి చేసిన 16 ఉక్కు గొట్టాలు ఉన్నాయి. ద్రవ నియాన్‌తో అతిశీతలంగా చేసిన ఆ గొట్టాలు 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తుల మధ్య వేర్వేరు చోట్ల తెరుచుకుని, అక్కడి పలుచని గాలిని తమలోకి లాక్కున్నాయి. విమానాలు తిరిగే ఎత్తుకు అది రెండు నుండి నాలుగింతలు.

దొరికిన నమూనాలను హైదరాబాదులోని సీసీఎంబీలో, పూణేలోని మరొక ప్రయోగశాలలో వేర్వేరుగా పరీక్షించారు. 12 బాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు పెరిగాయి. బాక్టీరియాలో 9 భూమి మీద తెలిసినవాటినే పోలి ఉన్నాయి. మూడు మాత్రం కొత్త జాతులు. అతినీలలోహిత కిరణాలను తమ దగ్గరి బంధువుల కన్నా బాగా తట్టుకున్నాయి. ఒకదానికి హోయల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు. 2009 మార్చిలో ఇస్రో దీనిని ప్రకటించింది. పత్రికలకు పండుగ. ఆకాశం నుండి జీవులను పట్టుకున్నాం అని చెప్పుకోవడానికి అంతకన్నా మంచి అవకాశం ఎవరికి దొరుకుతుంది? కానీ ఇస్రో ఆ ప్రకటనలోనే, ఈ సూక్ష్మజీవులు భూమికి వెలుపలివని ఈ ప్రయోగం నిర్ధారించడం లేదని కూడా చెప్పింది. అది మంచి పని అయింది. ఆర్యభట పేరు గల ఆ బాక్టీరియా ఆ తరువాత పలు దేశాల నేలల్లో, మొక్కల వేళ్ల దగ్గర దొరికింది. అది మన మట్టిదే, గాలికి పైకి లేచినదే కావడానికే ఎక్కువ అవకాశం.

ఈ సందర్భాన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉన్నది. తెలియనిదాని వెంట పడవద్దని సూరా బనీ ఇస్రాయీల్ 36వ ఆయత్ హెచ్చరిస్తున్నది. వినికిడి, చూపు, హృదయం అన్నింటికీ విచారణ ఉంటుందని కూడా చెబుతున్నది. తమకు పేరు తెచ్చే మాటను నోటి దాకా వచ్చినా ఆపుకుని, ఇంతవరకే తేలింది అని చెప్పిన ఆ శాస్త్రజ్ఞులు ఆ విషయంలో అమానత్ పాటించారు. వారి మతం ఏదైనా ఆ గుణం మనం నేర్చుకోదగినది.

ఇటీవలి ఉదాహరణ కూడా అటువంటిదే. 1995లో సూర్యుని వంటి మరొక నక్షత్రం చుట్టూ తొలి గ్రహాన్ని కనుగొన్నారు; 2025 నాటికి ఇతర నక్షత్రాల గ్రహాలు 6 వేలు దాటాయి. వాటిలో 124 కాంతి సంవత్సరాల దూరంలోని కె2-18బి ఒకటి. భారతదేశంలో పుట్టి కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న నిక్కు మధుసూదన్ బృందం, జేమ్స్ వెబ్ టెలిస్కోపు సహాయంతో ఆ గ్రహపు గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ వంటి వాయువు జాడ కనిపించిందని 2025 ఏప్రిల్‌లో తెలిపింది. భూమి మీద ఆ వాయువును ప్రధానంగా సముద్రపు సూక్ష్మజీవులు విడుదల చేస్తాయి. నిర్ధారణకు అవసరమైన స్థాయికి ఈ ఆధారం చేరలేదని ఆ బృందమే చెప్పింది. అవే కొలతలను మళ్లీ లెక్కించిన ఇతర బృందాలకు ఆ జాడ బలంగా కనిపించలేదు. ఇటువంటి వార్త రాగానే ఖుర్ఆన్ నిజమని నేడు రుజువయింది అంటూ సందేశాలు ఫోనులో తిరగడం మనకు తెలియనిది కాదు. ఎవరైనా వార్త తెస్తే విచారించమని సూరా హుజురాత్ 6వ ఆయత్ ఆదేశిస్తున్నది. వార్త మనకు అనుకూలంగా ఉన్నంత మాత్రాన ఆ ఆదేశానికి మినహాయింపు లేదు.

అయితే ఖుర్ఆన్ ఈ విషయంలో ఏమీ చెప్పలేదా? చెప్పింది. సూరా షూరా 29వ ఆయత్ ఆకాశాలనూ భూమినీ సృష్టించడాన్ని, ఆ రెండింటిలో ఆయన వ్యాపింపజేసిన ప్రాణులను తన సూచనలలో ఒకటిగా పేర్కొంటున్నది. అక్కడ వాడిన దాబ్బహ్ అనే మాట సామాన్యంగా నేల మీద కదిలే ప్రాణికి వర్తిస్తుంది. కొందరు వ్యాఖ్యాతలు ఆకాశాలలోని ప్రాణులంటే దైవదూతలని అన్నారు. మరికొందరు ఆ రెండింటిలో అంటే భూమి వరకే అన్వయించుకున్నారు. 1210లో మరణించిన ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ మాత్రం, మనుషులు నేల మీద నడిచినట్లు ఆకాశాలలో నడిచే రకరకాల ప్రాణులను అల్లాహ్ సృష్టించి ఉండటం అసంభవమేమీ కాదని వ్రాశాడు. ఈ లోకం వంటి వేలవేల లోకాలను సృష్టించగల శక్తి అల్లాహ్‌కు ఉన్నదనీ ఆయన వాదన. టెలిస్కోపు పుట్టడానికి నాలుగు వందల ఏళ్ల ముందటి మాటలివి. ఆయతు అర్థం ఇదేనని ఆయన పట్టుబట్టలేదు. తలుపు తెరిచి ఉంచాడు. మనమూ అంతే చేద్దాం.

అక్కడ జీవులు దొరికితే మనిషి గౌరవం ఏమవుతుందని కొందరు కలవరపడతారు. ఆదం సంతతికి గౌరవమిచ్చామని తెలిపిన సూరా బనీ ఇస్రాయీల్ 70వ ఆయతును జాగ్రత్తగా చదవండి. తాను సృష్టించిన వాటిలో చాలావాటిపై మనిషికి ఆధిక్యం ఇచ్చినట్లు అక్కడ ఉన్నది. అన్నింటిపై అని లేదు. దొరకకపోతే? ఇంత విశాల విశ్వంలో మనం ఒంటరివాళ్లమే అయితే, ఈ ఒక్క నేల, ఈ సముద్రం, వీటిలోని జీవకోటి ఎంత అరుదైన అమానతో ఆలోచించండి. సముద్రాన్ని, గాలిని మురికి చేయడం రేవు నగరంలో ఉండే మనకు కొత్త విషయం కాదు కాబట్టి ఈ మాట మనకు మరింత వర్తిస్తుంది.

2024 అక్టోబరులో అమెరికా పంపిన యూరోపా క్లిప్పర్ అనే వ్యోమనౌక 2030లో గురుగ్రహం వద్దకు చేరవలసి ఉన్నది. మంచు పెంకు కింద ఉప్పునీటి సముద్రం దాచుకున్నదని భావిస్తున్న యూరోపా అనే ఉపగ్రహాన్ని అది దగ్గరగా పరిశీలిస్తుంది. అక్కడ జీవం ఉన్నదో లేదో అది నేరుగా తేల్చదు. ఉండగల పరిస్థితులు ఉన్నాయో లేవో చెబుతుంది. నేడు ఈ సఫ్‌లలో తండ్రుల పక్కన కూర్చున్న పిల్లలు అప్పటికి కళాశాలలో ఉంటారు. ఆ ఫలితాలను చదివి మనకు వివరించేవారు వారిలో నుండే రావచ్చు. నేడు వారు అడుగుతున్నప్పుడు వారి పక్కన కూర్చుని, తెలిసినది చెప్పి, తెలియని చోట అల్లాహు అఅలమ్ అందాం.

ఓ అల్లాహ్! మాకూ మా సంతానానికీ ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించు. నీ సృష్టిని చూసే కళ్లను, చూసినదాన్ని ఉన్నదున్నట్లు చెప్పే నాలుకను ప్రసాదించు. ఆమీన్.